మట్టిలో చెరుకు జాడ

నాకు మైనస్ పన్నెండు అంటే భయం. పాములంటే మామూలు భయమే, డెల్టాలో పుట్టినవాళ్లకి పాము కనబడని వానాకాలం ఉండదు. దయ్యాలంటే అసలు లేదు. కానీ ఏ కాగితం మీదైనా మైనస్ పన్నెండు అని కనిపిస్తే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. ఈ మాట చెబితే నా దగ్గర చదువుకునే పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్లకేం తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సముద్రం ఒడ్డునున్న ఒక యూనివర్సిటీలో నేను పీహెచ్‌డీ చేసేదాన్ని. గోదావరి కాలువల్లోనూ, మురుగు కాలువల్లోనూ, అవి వెళ్లి కలిసే మడ అడవి పాయల్లోనూ అడుగున పేరుకునే బురదలో కుళ్లిన ఆకూ అలమూ ఏ మొక్కవో కనిపెట్టడం నా పని. మనిషన్నవాడు చేసే పనేనా ఇది అని మా బంధువులు అనేవాళ్లు. మా నాన్న అయితే నా ముందే అందరికీ చెప్పేవాడు, "మా అమ్మాయి బురద చదువుతోందండీ, పెద్ద బురద" అని. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో గర్వం దాచుకోవడం ఆయనకి చేతనయ్యేది కాదు.

ఆ చదువు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మొక్కలు గాలిలోంచి తీసుకునే కర్బనం అంతా ఒక్కటి కాదు. మామూలుది ఒకటి ఉంటుంది, దానికంటే కాస్త బరువైనది ఒకటి. వరి, కొబ్బరి, అరటి, మడచెట్లు ఆ బరువైనదాన్ని చాలావరకు వదిలేస్తాయి. చెరుకు, మొక్కజొన్న అంత పట్టింపుగా ఉండవు, దాన్నీ కాస్త ఎక్కువే పీల్చుకుంటాయి. ఆకు రాలి కుళ్లినా, గేదె తిని పేడ వేసినా, ఆ పేడ కొట్టుకుపోయి బురదలో కలిసినా ఆ తేడా పెద్దగా చెరగదు. బురదని ఆరబెట్టి, నూరి, సున్నం లాంటిదేమైనా ఉంటే పోయేలా యాసిడ్‌తో కడిగి, పెద్ద మిషను ఉన్న ఊరికి పంపిస్తే ఒక అంకె వస్తుంది. వరి జాతివైతే మైనస్ ఇరవై ఎనిమిది అటూ ఇటూగా, చెరుకైతే మైనస్ పన్నెండు అటూ ఇటూగా. అంతే.

మా ఊరు మండపేటకీ రామచంద్రపురానికీ మధ్యలో ఉంటుంది. మాకు చెరుకు తోట ఉండేది. ఇంటి వెనకాల గానుగ, దాని పక్కన బెల్లం వండే పొయ్యి, పొయ్యి మీద నలుగురు పట్టి దింపేంత పెనం. చలికాలం మొదలైందంటే అనకాపల్లి వైపు నుంచి వంటవాళ్లు వచ్చి దిగేవారు, వేసవి ముదిరేదాకా వండేవారు. ఆ పెరడు చివర మురుగు కాలువ. పొలాల్లో వాడిన నీరంతా ఆ కాలువలోకి దిగి సముద్రం దారి పడుతుంది.

ఆ మురుగు కాలువ అవతల గట్టున ఉన్న పొలం మా నాన్న స్నేహితుడిది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్నారట, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నేను ఆయన్ని మావయ్య అనేదాన్ని. అందరూ చేపల వెనకాల పడ్డ రోజుల్లో ఆయన కూడా వరి మానేసి పొలమంతా చెరువు తవ్వించాడు. అక్కడినుంచి మొదలైంది తంటా. చెరువులో నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లూ కాలువ అడుగునుంచి ఊట మా తోటలోకి దిగేది. చెరుకు వేళ్లు కుళ్లి పసుపు రంగుకి తిరిగేది. మా నాన్న మొదట మెల్లగా చెప్పాడు, తరవాత గట్టిగా చెప్పాడు, ఆ తరవాత టీ కొట్టు దగ్గర నలుగురూ ఉండగా అరిచాడు.

"బావా, విను! ఏదో ఒకరోజు తెల్లారేసరికి నీ చేపలన్నీ వెల్లకిలా తేలకపోతే నా పేరు మార్చి పిలు!"

మా నాన్న కోపం ఊరికి కొత్త కాదు. పాలు విరిగినా అరుస్తాడు, బస్సు ఆలస్యమైనా అరుస్తాడు, కాసేపటికి మర్చిపోయి నవ్వుతాడు. కానీ ఈ మాట ఊరు మర్చిపోలేదు.

ఆ ఏడు కాలువలు కట్టేసిన కొద్ది రోజులకి హాస్టలుకి అమ్మ ఫోన్ చేసింది. ప్రతి వేసవిలోనూ మరమ్మతులకని కాలువలకి నీళ్లు ఆపేస్తారు, వానలు పడే ముందు మళ్లీ వదులుతారు. ఆ మధ్యకాలంలో మా వైపు నీళ్లున్న చోటు అంటూ ఉంటే అది మురుగు కాలువే. అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు తిన్నావా అని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

"మావయ్య చెరువులో చేపలన్నీ చచ్చిపోయాయే. గట్టు పొడుగూతా తెల్లగా తేలాయంట. అందరూ మీ నాన్న పేరే చెబుతున్నారు."

"నాన్న ఏమంటున్నారు?" అన్నాను.

"ఏమీ అనట్లేదే," అంది అమ్మ. "అదే నా భయం."

నాకూ అక్కడే భయం పట్టుకుంది. అరవని నాన్నని నేను ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వెళ్లేసరికి ఊరి వాలకమే మారిపోయి ఉంది. బస్సు దిగి నడుస్తుంటే టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. చిన్నప్పటినుంచి "ఏంటమ్మా, ఎప్పుడొచ్చావు" అని అడిగే మనిషి నన్ను చూసి గ్లాసులు కడగడంలో పడ్డాడు. మా వీధిలో మావయ్య కొడుకు మోటారు సైకిలు మీద మా గేటు ముందుకి వచ్చేసరికి నెమ్మది చేసి, లోపలికి ఒక చూపు చూసి వెళ్లాడు. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే రిక్షాలో బడికి వెళ్లేవాళ్లం. ఆ చూపుకి గబగబా గేటు లోపలికి వచ్చి గడియ పెట్టేశాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "వచ్చావామ్మా" అన్నాడు, అంతే. అన్నంలో ఉప్పు ఎక్కువైంది, ఏమీ అనలేదు. కరెంటు పోయింది, ఏమీ అనలేదు. అంతకుముందు పూట పోలీసు జవాను ఒకాయన వచ్చి, "ఊరికే అడుగుదామని వచ్చానండి" అంటూ పురుగుమందులు ఎక్కడ పెడతారని అడిగి వెళ్లాడట. కేసు ఇంకా పెట్టలేదు. పెద్దమనుషులు ఆపి ఉంచారు.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక నేను పెరట్లో సామాను కొట్లోకి వెళ్లాను. పురుగుమందు డబ్బా ఎప్పుడూ ఉండే మూలే ఉంది. చేతిలోకి తీసుకుని ఊపాను. ఖాళీ. ఎప్పటినుంచి ఖాళీగా ఉందో నాకు తెలియదు, తోటకి కొట్టారో ఇంకెక్కడ పోశారో తెలియదు. ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాన్న అంత పని చేయడని ఒక మనసు చెబుతుంటే, చేస్తాడేమో అని రెండో మనసు అంటోంది. ఆ రెండో మనసుని చూసి నాకు ఇంకా భయం వేసింది. కన్నతండ్రిని ఇలా అనుమానించే కూతురు ఉంటుందా అనుకున్నాను. ఉంది, కొట్లో డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

ఆ సాయంత్రమే మావయ్య వచ్చాడు. గొడవయ్యాక మా గేటు దాకా రావడం అదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు. నాన్న అరుగు మీదనుంచి లేవలేదు. నేనే గేటు దగ్గరికి వెళ్లాను.

"అమ్మాయ్, మట్టి చూసి అందులో ఏ మొక్క కలిసిందో చెబుతావంట కదా నువ్వు?" అన్నాడు.

"అది విషాన్ని కనిపెట్టదు మావయ్యా," అన్నాను. "కుళ్లిన మొక్కలనే చెబుతుంది. బయటినుంచి ఏదైనా వచ్చి నీళ్లలో కుళ్లితే ఆ నీళ్లలో గాలి అయిపోతుంది. అప్పుడు కూడా చేపలు చస్తాయి. అలా జరిగిందో లేదో మాత్రం చెప్పగలను."

"ఏది చెప్పగలిగితే అదే చెప్పు. పెద్దమనుషులతో నేనే అన్నాను, వాళ్ల అమ్మాయి చెప్పిందే వేదం, కాలువలు వదిలేదాకా ఆగుతాను, కేసు పెట్టను అని. నిన్ను ఇంతప్పటినుంచి చూస్తున్నాను. నువ్వు అబద్ధం ఆడవు."

ఇలాంటి శత్రువుని నేను ఎక్కడా చూడలేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన నా మీద నమ్మకం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"వద్దే. నీ మిషనూ వద్దు, మట్టీ వద్దు. నాకు పరీక్షలున్నాయని చెప్పి వెళ్లిపో."

"చెయ్యకపోతే నాన్న మీద కేసు పెడతారమ్మా."

"చేస్తే మాత్రం? ఏం తెలుస్తుందో నీకు తెలుసా? తెలిసి ఏం చేసుకుంటావు?"

అమ్మ కూడా నాన్ననే అనుమానిస్తోందని నేను అనుకున్నాను. అడిగితే ఎక్కడ ఔనంటుందోనని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్లాను. ప్లాస్టిక్ గొట్టాన్ని బురదలోకి నిలువుగా దింపి, పై మూత బిగించి లాగితే అడుగు బురద పొరలు పొరలుగా చెదరకుండా గొట్టంలోకి వస్తుంది. పని తెలిసిన చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. చేపలని ఎత్తి పూడ్చేశారు గానీ వాసన ఇంకా పోలేదు. "చేపలకి ఏం మేత వేశారు మావయ్యా?" అని అడిగాను. తవుడు, వేరుశనగ చెక్క అన్నాడు. మొక్కజొన్న వేశారా అని మళ్లీ అడిగాను. లేదన్నాడు. తవుడైనా చెక్కైనా వరి వైపు అంకెలే ఇస్తాయి. అంటే మేతలో చెరుకు జాతిది ఏదీ లేదు.

గొట్టంలో బురద రెండు రంగుల్లో ఉంది. అడుగున బూడిద రంగు, పైన వేలెడు మందాన నల్లటి జిగురు. పై పొర దగ్గర ముక్కు పెట్టాను. కుళ్లు వాసన వెనకాల, పలచగా, పుల్లగా, ఇంకో వాసన. అది ఏ వాసనో నాకు తెలుసు. గానుగ ఆడే రోజుల్లో కడగని రసం తొట్టి దగ్గర వచ్చే వాసన, నేను పుట్టి పెరిగిన వాసన. గట్టు మీద మావయ్య నిలబడి నా మొహంకేసి చూస్తున్నాడు. నేను తల ఎత్తలేదు.

మా గైడు గారు మంచివారు. నా నమూనాలతో పాటు ఆ రెండు పొరలవీ పంపడానికి ఒప్పుకున్నారు. మిగతా పనంతా మామూలే, ఆరబెట్టడం, నూరడం, యాసిడ్ వెయ్యడం. పై పొరలో యాసిడ్ వెయ్యగానే బుసబుసమని పొంగింది. సున్నం. బెల్లం వండేటప్పుడు రసంలో మురికి తేలడానికి మావాళ్లు సున్నపు నీళ్లు పోస్తారు. చెరువులో కూడా సున్నం చల్లుతారు కాబట్టి అది సాక్ష్యం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే చేతులు తుడుచుకున్నాను.

ఇక ఎదురుచూడటం. ఆ రోజుల్లో నా భయానికి రెండు వైపులా పదునే. రెండు పొరల్లోనూ వరి అంకే వస్తే బయటినుంచి ఏమీ కుళ్లలేదని లెక్క, అప్పుడు విషం మాటే నిలుస్తుంది, నాన్నని పోలీసులు తీసుకెళతారు. పై పొర చెరుకైతే విషం మాట పోతుంది గానీ, ఆ చుట్టుపక్కల మురుగు కాలువని ఆనుకుని చెరుకు వండే పెరడు మాదొక్కటే. నాన్నే కావాలని ఒంపాడంటారు. దేవుడి ముందు నిలబడితే ఏ అంకె ఇమ్మని అడగాలో తెలిసేది కాదు. దండం పెట్టుకుని ఊరికే వచ్చేసేదాన్ని.

ఒకరోజు గైడు గారు పిలిచారు. నా భయం ఆయనకి తెలియదు, ఆయనకి అది ముచ్చటైన ఫలితం.

"చూడమ్మా, ఎంత స్పష్టంగా ఉందో! అడుగు పొర మైనస్ ఇరవై ఏడు, అచ్చం వరి. పై పొర మైనస్ పన్నెండు. దాదాపు అంతా చెరుకే. ఎక్కడిదిది?"

"మా ఊరిదండి," అన్నాను. ఆ తరవాత బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

కాలువలకి నీళ్లు వదిలారు. పెద్దమనుషులు ఊరి రైసు మిల్లు అరుగు మీద కూర్చున్నారు. మా ఊళ్లో ఏ పంచాయితీ అయినా అక్కడే. ఆడవాళ్లు ఎవరూ రారు, మాట చెప్పాల్సింది నేను కాబట్టి నన్ను రమ్మన్నారు. అమ్మ తోడు వస్తానంది. వడ్లు ఆరబోసిన కళ్లం పక్కన, గోడ నీడలో ఆగిపోయింది.

దారి పొడుగునా నేను నాన్నని అడగాలనుకున్నాను. నువ్వేనా అని ఒక్క మాట. అడగలేదు. ఆయనా నన్ను అడగలేదు, ఏ అంకె వచ్చిందో.

అరుగు మీద అందరూ నాకేసే చూస్తున్నారు. మావయ్య కొడుకు ఒక స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని ఉన్నాడు. పెద్దాయన ఒకరు "చెప్పమ్మా, భయపడకు" అన్నారు. ఆ మాటతో ఉన్న ధైర్యం కూడా పోయింది. అబద్ధం ఆడాలన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. కానీ మావయ్య గేటు దగ్గర అన్న మాట చెవిలో ఉంది.

"విషం సంగతి నా పరీక్షకి తెలియదండి," అన్నాను. "కానీ చెరువు అడుగున కొత్తగా ఒక పొర పేరుకుంది. అది చెరుకుది. బెల్లం పాకం లాంటిదేదో నీళ్లలో కలిసి కుళ్లింది. ఆ కుళ్లుకే నీళ్లలో గాలి అయిపోయి చేపలు పోయి ఉంటాయి. ఇక్కడ చెరుకు వండే పెరడు మాదే."

మిల్లులో మిషను ఆపేసి ఉంది, పిచ్చుకల గోల మాత్రం వినిపిస్తోంది. అప్పుడు నాన్న లేచాడు.

"నేనే పోశాను," అన్నాడు. అరవలేదు. "ఆఖరి పెనం పాకం చెడిపోయింది. బావ మీద కోపంతో మురుగు కాలువలోకి ఒంపించాను. ఏం శిక్ష వేస్తారో వెయ్యండి."

నిజమని అనుకున్నాను. ఇన్నాళ్లూ ఏ మాట వినకూడదనుకున్నానో ఆ మాట విన్నాను. నా నోటితోనే ఆయన్ని ఇక్కడిదాకా తెచ్చాను.

మావయ్య మాత్రం నాన్నకేసి వింతగా చూస్తున్నాడు.

"ఎప్పుడు పోయించావు బావా?"

"చేపలు పోయిన ముందురోజు. మధ్యాహ్నం."

"ఆ మధ్యాహ్నం నువ్వు రామచంద్రపురంలో గృహప్రవేశం భోజనాల్లో ఉన్నావు. నా ఎదురు బంతిలోనే కూర్చున్నావు. నాతో మాట్లాడటం ఇష్టంలేక తల వంచుకుని గారెలు తిన్నావు. నేను చూడలేదనుకున్నావా?"

అరుగు మీద ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మా నాన్న అబద్ధం ఆడగా నేను చూడటం అదే మొదటిసారి. ఆడటం చేతకాలేదు పాపం.

"ఆయన కాదండి."

అమ్మ. కళ్లం దాటి, ఆరబోసిన వడ్ల మీదుగా నడిచి వచ్చేసింది. కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"నేను పోయించానండి. ఆయన ఊళ్లో లేరు. ఆఖరి పెనం, పాకం ఎంతకీ దిమ్మ కట్టలేదు. మా అత్తగారి నాటినుంచీ ఉన్న మాటే, చెడిన పాకం ఇంట్లో ఉంచకూడదు, పశువుకి పెట్టకూడదు, ఎవరూ తొక్కకుండా పారే నీళ్లలో కలిపెయ్యాలి. వంటవాళ్లు మర్నాడు వాళ్ల ఊరు వెళ్లిపోతున్నారు. వాళ్ల చేత ఒంపించాను. ఈయనకి తెలిస్తే ఏమంటారోనని చెప్పలేదు."

నాన్న ఆమెకేసి చూడలేదు. నేల చూపులు చూస్తున్నాడు. ఖాళీ పెనం, బెల్లం లేని అచ్చులు చూసి ఆయన ఇంటికి వచ్చిన రోజే గ్రహించాడని నాకు అప్పుడు తెలిసింది. అందుకే అరవడం మానేశాడు.

"పారే నీళ్లేంటి చెల్లెమ్మా," అన్నాడు మావయ్య. "కాలువలు కట్టేశారు కదా. మురుగు కాలువ కదలకుండా పడి ఉంది అప్పటికి."

"కదిలింది అన్నయ్య గారూ," అంది అమ్మ. "నేను చూశాను. గుర్రపుడెక్క ఆకులు మెల్లగా అటు కదులుతున్నాయి. పారుతోంది కదా అనే పోయించాను. కదలకపోతే పోసేదాన్ని కాదు."

మావయ్య పైకండువా తీసి మొహం తుడుచుకున్నాడు. కొడుకుకేసి చూశాడు. ఆ కొడుకు కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"అది పారడం కాదు," అన్నాడు చివరికి. "ఎండకి చెరువు ఇంకిపోతోందని, ఆ రోజు భోజనాలకి వెళుతూ నేనే మావాడి చేత ఇంజను పెట్టించాను. మీ పెరటి ఎదురుగానే గొట్టం వేశాడు. ఆ నీళ్లని లాగింది నా ఇంజనేనమ్మా. నువ్వు పోసింది పోసినట్టు నా చెరువులోకే తోడుకున్నాను."

పెద్దమనుషులు ఏదో తీర్పు చెప్పారు, గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. మావయ్య లేచి వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. కాసేపటికి నాన్న అన్నాడు, "ఆ ఊట సంగతి మాత్రం చూడు బావా, నా తోట కుళ్లిపోతోంది." గొంతు కాస్త పెరిగింది. ఆ పెరిగిన గొంతు విని నేను అక్కడే నిలబడి ఏడ్చాను.

ఇంటికి వచ్చాక అమ్మ పెరటి గుమ్మంలో కూలబడింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. నా కోపం అప్పుడు బయటికి వచ్చింది. భయం పోయాక కోపం రావడం మా వంశంలోనే ఉంది కాబోలు.

"నాన్నకి భయపడ్డావు సరే. నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే ఇన్ని రోజులు ఈ నరకం ఉండేదా? పాకం చెడితే చెడింది, పశువులకి పెట్టెయ్యచ్చు కదా! ఈ కాలంలో కూడా ఏంటమ్మా ఆ పిచ్చి నమ్మకాలు?"

అమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"మామూలప్పుడైతే పెట్టేసేదాన్నేనే. నేనేం అంత పిచ్చిదాన్నా? ఆఖరి పాకం చెడితే ఇంట్లో పిల్లలకి నీటి గండం అనేది మీ నాయనమ్మ. మర్నాడు పడవెక్కి మడ అడవిలోకి వెళుతున్నానని నువ్వు ఆ పొద్దున్నే ఫోన్ చేశావు. నీకు ఈత రాదు. ఇంకేం చెయ్యను చెప్పు? పారే నీళ్లలో పోసేసి, మర్నాడంతా ఏమీ తినకుండా కూర్చున్నాను."

వెళ్లి ఆమె పక్కన గుమ్మంలో కూర్చున్నాను. ఎదురుగా మురుగు కాలువ నిండుగా, ఈసారి నిజంగానే సముద్రం వైపు పారుతోంది.

ఆ రోజు నేను పడవ ఎక్కలేదు. పొద్దున్నే గాలి ఎక్కువగా ఉందని పడవవాళ్లు రాలేమన్నారు, ప్రయాణం ఆపేశాం. హాస్టల్లో పడుకుని నిద్రపోయాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పాలనిపించలేదు, అంత ముఖ్యమైన సంగతి అనుకోలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పడానికి భయం వేసింది.